కిరీటం లోపలి పూత

ఆయన పోయిన సంగతి నాకు కాలువ లాకు దగ్గర తెలిసింది. మా పడవ లాకు గోడల మధ్య నిలబడి నీటితోపాటు మెల్లగా కిందికి దిగుతోంది. గట్టుమీద తాడు పట్టుకుని నిలబడ్డ ఎదురు పడవ సరంగు నన్ను గుర్తుపట్టి పలకరించాడు.

"తాత పోయాడండి. ఇవాళ్టికి తొమ్మిదో రోజు," అన్నాడు.

"ఎవరి తాత?"

"మీ కిరీటాల తాతేనండి."

నేను వేషాలు మానేసి నాలుగేళ్ళయింది. దిగువన ఒక ఊళ్ళో కుర్రభాగవతులకు పద్యాలు నేర్పాలని పిలిస్తే వెళ్తున్నాను. ఆ పని నాలుగు రోజులు ఆలస్యమైనా కొంప మునగదు. మా సరంగుతో చెప్పి, ఆయన ఉండే రేవులో నన్ను దింపెయ్యమన్నాను. అక్కడికి ఇంకా పూటంత ప్రయాణం. ఆ పూటంతా ఆయన్నే తలుచుకుంటూ కూర్చున్నాను.

ఆయన పేరు నాకు తెలియదు. పాతికేళ్ళ పరిచయంలో అడిగే అవసరం రాలేదు. నా పేరు కూడా ఆయనకు తెలియదనే నా నమ్మకం. ఆయనకు మనుషులు నుదుళ్ళను బట్టి గుర్తు. మా భాగవతుల మేళంలో మద్దెల వాయించేవాడిని "నుదురు ముందుకొచ్చినాయన" అనేవారు. రాణి వేషం వేసే మా వాడిని "చెవుల దగ్గర వెడల్పాయన" అనేవారు. నన్ను "కణత మచ్చాయన" అనేవారు. మాట్లాడుతున్నంతసేపూ కళ్ళలోకి కాకుండా కనుబొమలకు పైన, జుట్టు మొదలయ్యే చోటికి చూస్తూ మాట్లాడేవారు. కొత్తవాళ్ళు తమ నుదుట ఏదో అంటుకుందనుకుని చేత్తో తుడుచుకునేవారు.

ఇంకో అలవాటు, అందరినీ "అండి" అనడం. మా గోదావరి వాళ్ళకు అది వింత కాదు గాని ఆయన దాన్ని మనుషులతో ఆపలేదు. నూనె మూకుట్లో మూతి పెట్టబోయిన దూడతో, "వద్దండి, చేదుగా ఉంటదండి," అనడం నేను విన్నాను. పడవలకూ అదే మర్యాద. ఒడ్డుకు లాగిన పాత పడవ పక్కన గొంతుక్కూర్చుని, చెక్కమీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, చెవి ఆనించి, "ఆయ్, ఇక్కడేనండి మీకు నొప్పి," అనేవారు.

ఆయనది చేపలు పట్టే కుటుంబం. తండ్రి ఉప్పాడ వైపు సముద్రం మీదికి వెళ్ళేవాడట. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి కాలువలు తవ్వాక, వాటిమీద ధాన్యం పడవలు తిరగడం మొదలయ్యాక, ఈయన కాలువగట్టుకు వచ్చి స్థిరపడ్డారు. పడవ చెక్కల సందుల్లో కొబ్బరిపీచు దట్టించి, పైన చేపనూనెలో గుగ్గిలం కాచి పూసి, చుక్క నీరు లోపలికి రాకుండా చేయడం ఆయన పని. ఆ పనివల్ల ఆయన గోళ్ళు నల్లగా, తేనె రాసినట్టు మెరుస్తూ ఉండేవి. అలాంటి మనిషికీ మా భాగవతుల కిరీటాలకూ లంకె ఎలా పడిందో చెప్పాలంటే, ముందు నా అవమానం గురించి చెప్పాలి.

అప్పుడు నాకు ముప్ఫై ఏళ్ళు. మా మేళంలో రాక్షసరాజు వేషం నాది. మేళానికి పెద్ద మా మేనమామ. ఆయన ముందు నలభై ఏళ్ళు అదే వేషం వేసి, మోకాళ్ళు సహకరించక నాకు ఇచ్చాడు. వేషంతోపాటు కిరీటాన్నీ ఇచ్చాడు. మూరెడు ఎత్తు, తేలిక చెక్కతో చేసింది. పైన బంగారు రేకు, ఎర్ర లక్క, అద్దం ముక్కలు. దాన్ని పెట్టెలోంచి తీస్తే చూసినవాళ్ళు చేతులు జోడించేవారు. పెట్టుకున్న గంటకు నాకు నరకం కనిపించేది. చెవుల పైన ఒరుసుకుపోయేది. కుడి కణత దగ్గర ఏదో పొడిచేది. చెమట పట్టిందంటే లోపల తరాల తరబడి అతికించిన గుడ్డపీలికల జిగురు నాని, కరిగి, కళ్ళలోకి కారేది. కడియం దగ్గర ఒక ఊళ్ళో ఆట మధ్యలో రెండు కళ్ళూ మూసుకుపోయాయి. కత్తి దూసి విరోధి మీదికి వెళ్ళబోయి మద్దెలాయన మీదికి వెళ్ళాను. పద్యం మూడో పాదం దగ్గర ఆగిపోయింది. జనం పడి పడి నవ్వారు.

మావయ్య కోప్పడలేదు. మర్నాడు పొద్దున్న నా పక్కన కూర్చుని, "ఆ కిరీటం అందరికీ లొంగదురా. నీ తప్పు కాదు. ఈ ఏటికి చెలికత్తె వేషం వెయ్యి. రాజు వేషం మీ బావ వేస్తాడు," అన్నాడు. బావ అంటే ఆయన పెద్దకొడుకు. నేను సరేనన్నాను. అన్నం సహించలేదు. పదేళ్ళ వయసు నుంచీ నేను కోరుకున్నది ఆ వేషం ఒక్కటే.

ఆ ఊరి నుంచి పెట్టెలతో పడవలో వస్తుంటే మధ్యలో పడవ కారడం మొదలుపెట్టింది. తాతగారు పనిచేసే రేవులో ఆపారు. మేళం వాళ్ళు సత్రానికి వెళ్ళారు. తడిసిన సామాను ఎండబెట్టమని నన్ను అక్కడ ఉంచారు. ఆభరణాలు, భుజకీర్తులు, జడలు గట్టుమీద పరిచి, కిరీటాన్ని మాత్రం బోర్లించిన ఒక పడవ వీపున పెట్టాను. దారినపోయే వాళ్ళంతా ఆగి దాని మెరుపు చూసి వెళ్తున్నారు. ఈయన వచ్చి మెరుపు వైపు చూడలేదు. రెండు చేతులతో దాన్ని ఎత్తి, చటుక్కున తలకిందులు చేసి, లోపలికి మొహం పెట్టి వాసన చూశారు.

"ఇది ఎవరు పెట్టుకుంటారండి?"

"నేనే," అన్నాను. 'మొన్నటిదాకా' అనే మాట నోటిదాకా వచ్చి ఆగింది.

"దీని కడుపు చూసి ఎన్నాళ్ళయిందండి?"

"కడుపేంటి?"

"లోపలండి. ఎవరో ఒకరు చూసుంటారు కదండీ."

ఆలోచిస్తే, ఎవరూ చూడలేదు. ఏటేటా బయట రేకు మార్చాం. ఊడిన అద్దాలు అతికించాం. పసుపు కుంకుమలు పెట్టి పూజ చేశాం. లోపల మాత్రం, పెట్టుకునేవాడి తలకు వదులైతే ఒక గుడ్డముక్క అతికించడం, బిగుతైతే ఒకటి పీకడం, అంతే. ఆయన వేలు లోపలికి పోనిచ్చి, తడుముతూ, ఒక చోట ఆగి నా నుదుటి వైపు చూశారు.

"ఇక్కడ మేకు మొన ఉందండి. బయట పెద్ద అద్దానికి కొట్టిన మేకు. మీ మచ్చ దీందేనండి."

చెయ్యి పెట్టి చూసుకున్నాను. మచ్చ అక్కడే ఉంది. అది నా చేతకానితనానికి గుర్తు అనుకున్నానే గాని, మేకుకు గుర్తు అనుకోలేదు.

"బాగవుతుందా?" అన్నాను.

"పడవకి నీళ్ళు బయట్నుంచి రాకూడదండి. దీనికి లోపల్నుంచే వస్తన్నాయి. పని ఒకటేనండి," అన్నారు. "ఎప్పటికి కావాలండి?"

పదిహేను రోజుల్లో ఒక జమీందారు ఇంట పెళ్ళి. పందిట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆట. నేను అది చెప్పి, కిరీటం ఆయన చేతిలోనే వదిలి సత్రానికి పరుగెత్తాను.

మావయ్య ఒప్పుకోలేదు. "దేవుడి ముందు పెట్టి పూజించేదాన్ని చేపనూనె చేతుల్లో పెట్టి వచ్చావా," అని లేచాడు. మోకాళ్ళనొప్పులతోనే రేవుదాకా నడిచి వచ్చాడు. కిరీటం లాక్కోలేదు గాని, "అది మేం తప్ప ఇతరులు ముట్టకూడదు," అని గట్టిగా చెప్పాడు. తాతగారు కిరీటాన్ని నెమ్మదిగా ఒక చాపమీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగారు. మొహంలో నొచ్చుకున్న జాడ లేదు.

"అలాగేనండి. ఈయన్నే చెయ్యమనండి. నేను ఇక్కడ కూచుని చెప్తానండి. చేపనూనె వద్దండి, అవిసెనూనె వాడదాం."

మావయ్య మేళాన్ని తీసుకుని ఊరికి వెళ్ళిపోతూ, "వారం చూస్తాను," అన్నాడు.

అలా నేను ఆ గట్టుమీద తొమ్మిది రోజులు పనివాడినయ్యాను. ఆయన పాక నీడలో పడవపని చేసుకుంటూ, కర్రతో చూపిస్తూ చెప్పేవారు. మొదటి రోజంతా గీకడమే. గోరువెచ్చటి నీళ్ళతో నానబెట్టి, వెదురు బద్దతో గీకితే పొరలు పొరలుగా గుడ్డలు ఊడివచ్చాయి. ఒక పొరకు జరీ అంచు ఉంది. ఒకటి మా ముత్తాత కాలంనాటి ఉత్తరీయం అయ్యుండాలి. చెమట వాసన, బూజు వాసన, తలనూనె వాసన. నాలుగు తరాల తలలు అందులో ఉన్నాయి. మేకుల మొనలు పదకొండు బయటపడ్డాయి. వాటిని వంచి, ఆకురాయితో అరగదీసి, పైన లక్క కరిగించి పోయించారు. తరవాత ఉతికి ఉతికి మెత్తబడ్డ ఉప్పాడ నేతచీర చింపి, చింతగింజల జిగురుతో ఒక్కటే పొర, ముడత లేకుండా అతికించమన్నారు. ముడత పడితే కర్రతో చూపించి, "అక్కడండి," అనేవారు. పీకి మళ్ళీ అతికించేవాణ్ణి. వెనకవైపు, జనానికి కనిపించని చోట, గాలి ఆడటానికి రెండు సన్న చిల్లులు పెట్టించారు.

ఆ పైన పూత. అవిసెనూనెలో గుగ్గిలం పొడి వేసి సన్నటి మంటమీద కాచి, పల్చటి గుడ్డలో వడకట్టి, కుంచెతో వెయ్యాలి. ఒక్కో పూతా ఆరడానికి రెండు రోజులు. ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఆయన కొంగ ఈక ఒకటి ఇచ్చారు. అంటించి తీస్తే ఒక్క పోగు కూడా మిగలకూడదు. నాకు ఓపిక లేదు. పెళ్ళి దగ్గరపడుతోంది. ఒకరోజు ఈకకు కాస్త అంటుతున్నా రెండో పూతకు కుంచె ముంచాను. ఆయన పడవ మీంచి లేవకుండానే, "తొందరెవరికండి?" అన్నారు.

"నాకే."

"కిరీటానికి లేదండి," అన్నారు. అంతే. మళ్ళీ పీచు దట్టించుకోవడంలో పడిపోయారు. నేను కుంచె కడిగి పెట్టి, సాయంత్రందాకా కాలువలో పడవలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఆ తొమ్మిది రోజుల్లో నాకు గుర్తున్నంతవరకు, రాక్షసరాజు పద్యాలు ఒక్కసారి కూడా నెమరు వేసుకోలేదు. అయినా అవి ఎక్కడికీ పోలేదు.

ఆఖరి పూతకు ముందు, "లోపలికి ఏ రంగు వేద్దామండి?" అని అడిగారు.

నేను నవ్వాను. "లోపల రంగు ఎవరు చూస్తారు?"

"మీరండి. పెట్టుకునే ముందు చూసుకుంటారు కదండీ. బయటంతా ఎరుపూ బంగారమూనండి. లోపల కాస్త చల్లగా ఉంటే బాగుంటదేమోనండి."

నీలిమందు తెచ్చి, సుద్దతో కలిపి నూరించారు. ఆ రంగు పూయడంలోనే నేను ఓడిపోయాను. కిరీటం శిఖరం లోపల సన్నగా, వంకరగా ఉంటుంది. కుంచె అందదు. నా వేళ్ళు పొట్టివి. ఎంత తంటాలు పడ్డా రంగు గడ్డలు గడ్డలుగా నిలిచింది. చూసి చూసి ఆయన కర్ర ఎత్తలేదు. పక్కకు తిరిగి కూర్చున్నారు, నేను సిగ్గుపడకుండా. అప్పుడు నేనే కిరీటం ఎత్తి తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టాను.

"మీరే వెయ్యండి తాతగారూ."

ఆయన నా నుదుటి వైపు చూశారు. కాలువలో చేతులు మూడుసార్లు కడుక్కుని, పంచెతో తుడుచుకుని, మెత్తటి గుడ్డ చూపుడువేలికి చుట్టుకుని లోపలికి పోనిచ్చారు. కళ్ళు మూసుకున్నారు. వేలు కదిలినట్టే లేదు. మోచేతిదాకా ఆయన చెయ్యి కిరీటంలో ఉండగా గట్టుమీద మావయ్య కనిపించాడు.

తాతగారు చెయ్యి తియ్యలేదు. మధ్యలో తీస్తే పూత చెడుతుంది. మావయ్య నిలబడి చూస్తున్నాడు. తాతగారు పని పూర్తిచేసి, చెయ్యి బయటికి తీసి, కిరీటాన్ని చాపమీద పెట్టి, "పల్చటి రంగేనండి, రేపటికి ఆరుతుందండి," అన్నారు మావయ్యతో, ఆయన ఆ ప్రశ్న అడిగినట్టే.

మావయ్య వెనక్కి వెళ్ళలేదు. సత్రంలో పడుకుని మర్నాడు పొద్దున్నే వచ్చాడు. కొంగ ఈక శుభ్రంగా వచ్చింది. మావయ్య కిరీటం తీసుకుని లోపల చూశాడు. వానకడిగిన ఆకాశంలా ఉంది. తలపాగా విప్పి, నేను చూస్తుండగా, దాన్ని తన తలమీద పెట్టుకున్నాడు. వేషం మానేశాక అదే మొదటిసారి. పెట్టుకుని పడవ అంచున కూర్చున్నాడు. చాలాసేపు తియ్యలేదు.

"బరువు తగ్గించావా?" అన్నాడు చివరికి.

"లేదండి. గుచ్చుకునేది పోయిందండి, అంతే."

మావయ్య కిరీటం తీశాడు. తాతగారు మావయ్య నుదుటినే చూస్తూ, "తమరికీ ఉందండి," అన్నారు. నేనూ చూశాను. కుడి కణతకు పైన, నాకు ఉన్నచోటే, పాతబడి తెల్లబారిన గుంట. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మొహం. ఎప్పుడూ వయసు మచ్చే అనుకున్నాను.

మావయ్య వేలితో తడుముకున్నాడు. "నలభై ఏళ్ళు. రాక్షసరాజు వేషమంటే అంతేనేమో అనుకున్నాను," అన్నాడు. తరవాత నా వైపు తిరిగి, "పద్యాలు గుర్తున్నాయా?" అన్నాడు. ఉన్నాయన్నాను. "మీ బావకు నేను చెప్పుకుంటాలే," అన్నాడు.

పెళ్ళిలో ఆట బాగా ఆడాను. నా గొప్ప నేనే చెప్పుకోకూడదు గాని, వైశాఖమాసం ఎండలో, పందిరి కింద, మూడు గంటలు నా కళ్ళలోకి ఒక్క చుక్క దిగలేదు. సభలో ఎవరు ఎక్కడ కూర్చున్నారో మొదటిసారి కనిపించింది. పందిరి చివర, పల్లకీలు మోసేవాళ్ళ మధ్య, ఆయన కూర్చుని ఉన్నారు. మావయ్యే కబురుచేశాడట. ఆట అయ్యాక జనాన్ని తప్పించుకుని నా దగ్గరికి వచ్చి, కిరీటం అడిగి తీసుకుని, లోపల అంతా తడిమి చూసి, "తడి నిలవలేదండి, చెమ్మ పట్టలేదండి," అని తృప్తిగా తల ఊపారు.

"ఆట ఎలా ఉంది తాతగారూ?"

"బావుందండి," అన్నారు కాస్త మొహమాటంగా. ఇంకా అడిగితే ఒప్పుకున్నారు. ఆటలో నేను ఎవరినో, ఎవరితో తగవు పడ్డానో, చివరికి ఎందుకు చచ్చానో ఆయనకు ఏమీ తెలియలేదు. మొదటి నుంచి చివరిదాకా నా నుదుటినే చూస్తూ కూర్చున్నారట.

ఆ తరవాత ప్రతి ఏడూ ఆటల రోజులకు ముందు మా కిరీటాలన్నీ ఆయన దగ్గరికి వెళ్ళేవి. చుట్టుపక్కల మేళాల వాళ్ళూ వచ్చేవారు. ఒక్కొక్కరికి లోపల ఒక్కో రంగు. దేవుడి వేషానికి తెల్లసుద్ద. రాణి వేషానికి జాజు ఎరుపు, వరద గోదావరిలా. మా బావకు మంత్రి వేషం వచ్చినప్పుడు లేత ఆకుపచ్చ వేశారు. బావ దాన్ని చూసుకుని నాతో మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టాడు. రాజమండ్రి నుంచి నాటకాల కుర్రవాడొకడు రేకు కిరీటం తెచ్చి, లోపల కూడా బంగారు రంగే వెయ్యమని పట్టుబట్టాడు. ఆయన ఎంతకీ ఒప్పుకోలేదు. "లోపల కూడా బంగారమైతే నిజమే అనుకుంటారండి," అని, నవ్వుతూ, బూడిదరంగు వేసి ఇచ్చారు. ఆ కుర్రవాడు అలిగి వెళ్ళి, మరుసటి ఏడు మళ్ళీ వచ్చాడు.

నేను రేవులో దిగేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఆయన కూతురు పాక ముందు ఉంది. నలభై ఏళ్ళ మనిషి. తండ్రి పనిలో సగం చాలాకాలంగా ఆమెదే. నన్ను చూసి కొంగుతో కళ్ళు ఒత్తుకుని, నీళ్ళు ఇచ్చింది.

"బాధపడలేదండి. మధ్యాన్నం అన్నం తిని పడుకున్నాడు, లేవలేదండి," అంది.

ఇంటి ముందు ఒక ధాన్యం పడవ బోర్లించి ఉంది. మూడు వంతులు పూత అయింది. ఒక పక్క సందులు ఇంకా నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఆమె భర్త కాకినాడ వెళ్ళాడు. పడవ ఆసామి రెండు రోజుల్లో వస్తానని కబురు చేశాడట.

"ఒక్కదాన్నే అవుతుందో లేదోనండి," అంది.

నేను ఉత్తరీయం తీసి పాక చూరుకు తగిలించి, పంచె ఎగగట్టాను. ఆమె కంగారుపడింది. "మీరెందుకండీ, వద్దండి," అంది. నేను పీచు మూట దగ్గరికి జరుపుకున్నాను. కాసేపటికి ఆమె వారించడం మానేసి, ఎక్కడ దట్టించాలో చూపించింది. రెండు రోజులు పనిచేశాం. నేను సత్రంలో పడుకుని, ఆమె పెట్టిన అన్నం తిని, ఆమె చెప్పినట్టు చేశాను. చేతులు బొబ్బలెక్కాయి. పని మధ్యలో ఆమె అడిగితే రాక్షసరాజు పద్యం ఒకటి పాడాను. తండ్రి ఎన్నడూ వినిపించలేదంది.

మూడో రోజు పొద్దున్న ఆరుగురు మనుషులు వచ్చి పడవను తిప్పి, మోకులు కట్టి, కాలువలోకి దింపారు. ఆసామి దిగువ లాకుదాకా వెళ్తున్నానంటే నేనూ ఎక్కాను. ఆమె గట్టుమీద నిలబడి పడవ వైపే చూస్తోంది. పీట వేస్తానన్నాడు గాని, నేను వద్దని అడుగు చెక్కలమీదే చతికిలబడ్డాను. లాకు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. లేచి చూసుకుంటే నా పంచె ఎక్కడా తడవలేదు.